కాజాలావిడ వాంగ్మూలం

మనసు చెదిరిన వాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ కుదురుకునేదాకా తోడుండటం ఆ కౌన్సెలింగ్ ఆఫీసరు ఉద్యోగం. "మెల్లగా" అన్నది ఊతపదం కావడంతో ఆఫీసులో అందరికీ ఆవిడ మెల్లగా మేడమ్. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎందరినో ఒడ్డున పడేసిన మనిషి, కాజాలావిడ దగ్గర మొదటిరోజే తప్పటడుగు వేసింది.

కాజాలావిడ బట్టల కార్ఖానాలో చొక్కాలకు కాజాలు కుట్టేది. కార్ఖానా తగలబడినప్పుడు వెనకగది కిటికీలోంచి ప్రాణాలతో బయటపడింది ఆమె ఒక్కతే. ఆ గదికి బయటినుంచి గొళ్ళెం వేశారని చెప్పగలిగిందీ ఆమే. మూడు వారాల్లో విచారణ. ఆమె నోరు విప్పకపోతే, ఆ గదిలో పోయిన నలుగురి చావూ ప్రమాదమేనని రాసి ఫైలు మూసేస్తారు.

మేడమ్ శిక్షణలో నేర్పింది నేర్పినట్టే చేసింది. వరండాలో గోల వినబడకుండా తలుపు వేసింది. "కళ్ళు మూసుకోమ్మా. మెల్లగా ఊపిరి మీద ధ్యాస పెట్టు" అంది.

నాలుగో ఊపిరికి కుర్చీ వెల్లకిలా పడింది. కాజాలావిడ తలుపు గుంజి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పోయింది.

మర్నాడు మేడమ్ ఆ చెప్పులు పట్టుకుని కాజాలావిడ ఇంటికి వెళ్ళి, గడప బయటే నిలబడింది.

"తప్పు నాదమ్మా. పొగలోంచి వచ్చిన మనిషిని ఊపిరి చూసుకోమన్నాను."

"తలుపు కూడా వేశారు."

"అదీ నా తప్పే."

లోపల్నుంచి అత్తగారు, "చెప్పులు మోసుకొచ్చిన ఆఫీసర్ని ఇప్పుడే చూడ్డం. కూర్చోమనవే" అంది.

"చేతులతో ఏం చేస్తే నీకు కాస్త కుదురుగా ఉంటుంది?" అని అడిగింది మేడమ్.

కాజాలావిడ గుడ్డపేలిక, సూది తెచ్చింది. ఆ రోజునుంచి కళ్ళు తెరుచుకునే, తలుపు తీసే, ఇద్దరూ కాజాలు కుట్టారు. వేలికింద దారం, సూది చల్లదనం, ఒక్కో కుట్టు. మనసు ఆ గదిలోకి పోయినప్పుడల్లా "పోయాను" అని పైకి చెప్పి, తర్వాతి కుట్టుకి తిరిగి రావాలి. అంతే.

"మీ కాజాలో గుండీ ఏం ఖర్మ, గుమ్మడికాయే దూరుతుంది మేడమ్" అంది ఒకరోజు కాజాలావిడ. మంటల తర్వాత ఆమె ఆడిన మొదటి వేళాకోళం అది.

విచారణ గదిలోకి సూది తీసుకెళ్ళనివ్వలేదు. తలుపు తీసి ఉంచమంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. నాలుగు మాటలు చెప్పేసరికి కాజాలావిడ మాట ఆగిపోయింది.

"త్వరగా కానివ్వమ్మా" అన్నాడు అధికారి.

పక్కనే కూర్చున్న మేడమ్ కల్పించుకోలేదు.

"పోయాను సార్. వస్తాను, ఉండండి" అంది కాజాలావిడ. లేని దారాన్ని తడిమినట్టు బొటనవేలితో చూపుడువేలి కొన తడుముకుంది. తర్వాత నలుగురి పేర్లూ, ఎవరు ఏ మిషను దగ్గర కూర్చునేవాళ్ళో వరసగా చెప్పింది. ఇంకో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ తిరిగొచ్చింది.

చివర్లో గుమాస్తా చదివి వినిపించాడు: "తలుపు మూసి ఉన్నది..."

"మూసి ఉండటం కాదు బాబూ, బయట గొళ్ళెం వేశారు. అలాగే రాయండి."

గుమాస్తా కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆమె అది తనే ఒకసారి చదువుకుని, సంతకం పెట్టింది.