ఆరువందల పన్నెండో పేజీ

తిరుపతిలో యూనివర్సిటీ గేటుకెదురుగా ఉన్న చిన్న డీటీపీ కొట్టులో నాయబ్ రసూల్ ఇరవై ఏళ్లుగా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు టైపు చేస్తున్నాడు. చదివింది పదో తరగతే గానీ ఆయనకొక అలవాటుంది. పాదసూచికల్లో కనబడిన ప్రతి ఆన్‌లైన్ పుస్తకాన్నీ, వ్యాసాన్నీ తానే తెరిచి చూస్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, గ్రంథంలో ఉదహరించిన మాట ఆ పేజీలో ఉందని రూఢి అయ్యాకే పెన్సిలుతో టిక్కు పెడతాడు. అది తన పని కాదని ఎవరు చెప్పినా వినడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు.

సాయంత్రంలోగా గ్రంథం అప్పగించాల్సిన గ్రేసీ కూడా ఆ రోజు విసుక్కుంది. "పాదసూచికలో ఆరువందల పన్నెండో పేజీ అని రాసినావు. ఈ పుస్తకంలో ఉండేదే రెండువందల నలభై గదమ్మా," అన్నాడాయన. ఆమె గాబరాగా తన ఫోను తీసి చూపించింది. తెర మీద అక్షరాలు చింతగింజలంత ఉన్నాయి.

"పూతలపట్టు నుంచి బస్సులో వస్తా చదువుకునేదానికి పెద్దవి చేసుకున్నా భాయ్."

"అక్షరం పెద్దదైతే పేజీలు పెరగవా? ఒక్కో ఫోన్లో ఒక్కో నంబరు వస్తాది. పేజీ బదులు అధ్యాయం, పేరా రాసుకోవాల."

అలాంటివి ముప్పై ఎనిమిది తేలాయి.

"ఇప్పుడు యాడ మార్చేది భాయ్, ఉండనీ. ఎవురు సూస్తారు?"

రసూల్ కళ్లజోడు కిందికి దించుకున్నాడు. "నేను సూసినా గదమ్మా."

గ్రేసీ స్టూలు దగ్గరికి లాక్కుని, ఫోన్లో ఆ పుస్తకం మొదటి అధ్యాయం తెరిచి పేరాలు లెక్కపెట్టసాగింది.