కలపని చుక్కలు

తడి వాకిట్లో ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే, ఈనాటికీ పాకాలలోని మా పక్కింటి దేవదానం తాత గుర్తొస్తాడు. పటాలంలో పనిచేసి వచ్చినవాడు. మా నాయన ఏడో తరగతితో నన్ను బడి మాన్పించాడు. ఇంట్లోనే చదువుకుని పదో తరగతి ప్రైవేటుగా రాస్తానంటే, "ఒక్కసారే. తప్పితే మళ్లా ఆ మాట ఎత్తగూడదు" అన్నాడు. నాకు చరిత్రంటే భయం. అది తీర్చడానికే తిరుపతి కొండమీది స్వామి ఈ తాతను పక్కింట్లో పెట్టాడని నా నమ్మకం. తాత మాత్రం అది యేసయ్య పని అనేవాడు.

ఒక సాయంత్రం తాత మా అరుగు మీద సుద్దముక్కతో కాశ్మీరం గీసి, నడుమ వరసగా చుక్కలు పెట్టి, నీళ్లు తాగడానికి ఇంటికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి నేను ఆ చుక్కలన్నీ కలిపేశాను.

"ఏం పని పాపా ఇది?"

"చుక్కలు పెట్టినాక కలపకుండా ఎట్లా తాతా? వదిలేస్తే అదేం ముగ్గు?"

తాత పడీపడీ నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా ఢిల్లీలో పెద్దోళ్ల చేత కాలేదు. నేను నీళ్లు తాగొచ్చే లోపల నువ్వు కలిపేసినావే."

నా గీత చెరిపి, మళ్లీ చుక్కలు పెడుతూ చెప్పాడు. "తెల్లోళ్లు పోతా పోతా దేశాన్ని రెండు చేసినారు. ఏ పక్క చేరేదీ రాజుల్నే తేల్చుకోమన్నారు. ఈడ రాజు హిందువు, జనంలో శానామంది సాయిబులు. ఆయప్ప ఎటూ తేల్చలేదు. ఇంతలో పడమట నుంచి దండు వచ్చి పడింది. అప్పుడు మన పక్క వస్తానని సంతకం పెట్టినాడు. మమ్మల్ని పంపినారు. ఏడాది పైన కొట్లాడినాం. ఆపమన్న పొద్దు ఎవరు యాడ నిలబడి ఉండారో, ఆడ ఈ చుక్కలు పడినాయి. అంతా మాదేనని ఆ పక్క దేశమోళ్లూ అంటారు, మనమూ అంటాం."

"అప్పుడు నువ్వు యాడ ఉండావు తాతా?"

ఒక చుక్క మీద వేలు పెట్టాడు. "ఈడ. నా పక్కనోడు కాళహస్తి వాడు. ఆపమన్నదానికి ముందురోజే పోయినాడు. ఇంకొక్క దినం ఆగింటే ఇంటికొచ్చుండేవోడు."

ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది.

చిత్తూరులో రాసిన పదో తరగతి పరీక్షలో ఆ కాశ్మీరం తగాదా మూలాలే అడిగారు. తాత చెప్పిన వరసలోనే రాశాను. గట్టెక్కాను. తిరుపతి లడ్డు తీసుకెళ్తే తాత రెండు చేతులా అందుకుని, "చుక్కలు కలిపేయలేదు గదా?" అన్నాడు.

"లేదు తాతా."

ఇప్పుడు రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయి. టీవీలో వాదించేవాళ్లు ఒక్క మాటతో చుక్కలన్నీ కలిపేస్తుంటారు. నేను ముగ్గు కలిపేముందు ఒక చుక్క దగ్గర వేలు ఆపి, పేరు తెలియని ఆ కాళహస్తి బిడ్డ కోసం స్వామికి చెప్పుకుంటాను. తాత తరఫున యేసయ్యకూ చెబుతాను.