అంచు మీది నెమలి

గద్వాలలో మా ఇంటి ముందుగదిలో మగ్గం, వెనకగదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేవి. చీర అంచుల కోసం అన్నా నేనూ ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాం. అంచును మాటల్లో రాసిస్తే కంపైలర్ చదివి, తెరమీద గళ్లలో చూపేది. ఆ చదవడానికే దానికి ప్రాణం పోయేది. ఒక్క పువ్వు మార్చినా ఫైళ్లన్నీ మొదటినుంచి చదివేది. నాకు ఒళ్లు మండేది.

అన్న మగ్గం చూసి ఉపాయం పట్టాడు. చీరలు దిగాక పాత పడుగు కొసలను దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచి, కొత్త పోగులను వాటికే అతుకుతారు కదా. అలాగే, ఒకసారి చదివిన ఫైలు ఫలితాన్ని దాచి, దాచిన తారీఖు చూసి, ఆ తర్వాత మారిన ఫైలునే మళ్లీ చదివించాడు. చాయ్ చల్లారేలోపే అంచు వచ్చేది.

ఆ వానాకాలం అన్న జ్వరంతో కర్నూలు దవాఖానలో పోయాడు.

దినాలయ్యాక వదిన తనే నేస్తానంది. కొత్త చీరకు మామిడిపిందెల అంచు కావాలి. అన్న చివరగా రాసిన నెమలిని తీసి, ఆ చోట మామిడిపిందె రాశాను. తెరమీద నెమలే వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ నెమలే. ఫైలు తెరిస్తే అందులో నెమలి ఊసే లేదు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న వదిన, "మీ అన్నకు ఇష్టం లేదు. నేను మగ్గం మీద కూసోను," అంది. ఇల్లు నడిచేది ఆ మగ్గంతోనే. దయ్యాల మాటలంటే నాకు మంట. అయినా ఆ గదిలో ఒంటరిగా కూర్చోలేకపోయాను.

మర్నాడు కంప్యూటర్ వేస్తే అది ఎప్పటిలాగే తారీఖు అడిగింది. దాని గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అన్న రోజూ ఓపిగ్గా తారీఖు కొట్టేవాడు. అన్న పోయాక నేను విసుగ్గా దాటేసేవాణ్ణి. దాంతో మిషన్ 1980 జనవరిలోనే ఉండిపోయేది. నా మామిడిపిందె అన్న నెమలికంటే ఎన్నో ఏళ్లు పాతదనుకుని కంపైలర్ దాన్ని ముట్టుకోనే లేదు.

గబగబా పోయి వదినను పిలిచి అంతా చెప్పాను. "ఇప్పుడు తారీకు కొట్టి మామిడిపిందె ఫైలు మల్ల దాచిపెడ్తే నెమలి పోతది వదినా. ఇంక రాదు."

ఆమె తెరమీది నెమలిని చూసింది. "అంటే దాని లెక్కల, మీ అన్న పని తర్వాత ఇంకేం గాలేదన్నట్టు."

"అంతే."

"ఇయ్యాల జర తారీకు కొట్టకు," అంది.

కొట్టలేదు. వెనకగదిలో నెమలి అలాగే ఉంది. ముందుగదిలో, అన్న అచ్చులో ఎక్కించిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతుకుతూ వదిన పొద్దుగూకేదాకా కూర్చుంది.