చొక్కాలో తమ్ముడు

టైలరు గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. తన మిషనెక్కిన బట్ట ఏదైనా సరే, లోపల ఒక గుడ్డ చీటీ కుట్టకుండా బయటికి పంపరు. దాని మీద చెరగని సిరాతో ఆ మనిషి ఎవరో, రక్తం ఏ గ్రూపో, ఏ మందు పడదో, ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసి ఉంటుంది. కొలతలిచ్చి పోదామని వచ్చినవాళ్ళు అంత తేలిగ్గా బయటపడలేరు.

"మెడ పదిహేను. ఛాతీ నలభై. షుగరెంత?"

"చొక్కాకి షుగరెందుకండీ?"

"చొక్కాకి కాదు. చొక్కాలో ఉండేవాడికి."

ఒక పెళ్ళికొడుకు కోటు కొలతలిస్తూ అలవాటు కొద్దీ వాళ్ళమ్మ నంబరు చెప్పాడు. పక్కనే ఉన్న పెళ్ళికూతురు అతని వైపు ఒక్క చూపు చూసింది. ఆ సాయంత్రమే కోటు కుట్లు విప్పి చీటీ మార్చాల్సి వచ్చింది.

ఈ చీటీలతో ఆయన భార్యకు ప్రాణం విసిగిపోయింది. ఆవిడ జాకెట్లలో చీటీ, చేతిసంచిలో చీటీ, చివరికి గొడుగులోనూ చీటీ. అయినా ఆవిడ మాట పెంచేది కాదు. ఒకప్పుడు పెన్సిలిన్ ఇంజక్షన్ పడక ఆయన గొంతు వాచి, ఊపిరాడక, చావు దాకా వెళ్ళొచ్చారు. ఈ పిచ్చి పట్టింది ఆ తర్వాతే. ఆ రోజు ఆసుపత్రి వరండాలో పడ్డ భయం ఆవిడ గుండెల్లోంచి ఇంకా పోలేదు.

చీటీకి ఎదురు తిరిగింది ఒక్క గార్డు గారే. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన ముసలాయన. ఉద్యోగం పోయినా జేబులోంచి విజిలు పోలేదు.

"నేనేమన్నా లగేజీనా, చీటీ అంటించడానికి?" అని మండిపడ్డారు. బతిమాలగా బతిమాలగా రక్తం గ్రూపు చెప్పారు. పడని మందులేవీ లేవన్నారు. ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి ముఖం తిప్పుకున్నారు. "రాయడానికి నాకెవరున్నారయ్యా. ఖాళీగా వదిలెయ్." టైలరు గారు తలూపారు.

టైలరు గారికి ఇంకో అలవాటుంది. తన కొలతకు దగ్గరగా ఉన్న చొక్కా కుడితే, అది తొడుక్కుని ఓసారి వీధి చివరి దాకా నడిచొస్తారు. మనిషి నడిస్తేనే కుట్టులో తప్పు బయటపడుతుందట.

ఆ మధ్యాహ్నం గార్డు గారు తన నీలం చొక్కా కోసం వచ్చి కూర్చున్నారు. టైలరు గారు లేరు. బొత్తాలు కొనడానికి వెళ్ళారని భార్య చెప్పింది. ఇంతలో షాపు ఫోన్ మోగింది.

"గార్డు గారి తమ్ముడి నంబరేనా? ఆసుపత్రి నుంచి," అంది ఒక నర్సు. "ఆయనకి బండి తగిలింది. మాట సరిగ్గా లేదు. కంగారు పడకండి, పడని మందులేవీ లేవని చీటీలో ఉంది. గాయానికి పెన్సిలిన్ ఇస్తున్నాం. త్వరగా రండి."

"గార్డు గారు ఇక్కడే ఉన్నారండీ," అంది భార్య. అప్పటికే అవతల పెట్టేశారు.

ఆవిడ కొక్కెం వైపు చూసింది. నీలం చొక్కా లేదు. దాని చోట భర్త పాత చొక్కా వేలాడుతోంది. లోపల చీటీ మీద పెద్ద అక్షరాలతో ఉంది: పెన్సిలిన్ పడదు. పడదని చెప్పే చీటీ ఇక్కడ ఉంది, మనిషి అక్కడున్నాడు.

తిరిగి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. ఆవిడ చొక్కా లాక్కుని రోడ్డు మీదికి పరుగెత్తింది. వెనకాలే గార్డు గారు, మోకాళ్ళ నొప్పులతోనే.

ఆసుపత్రి రెండు వీధుల అవతల. కూడలి దగ్గర బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి సందు లేదు. గార్డు గారు విజిలు తీసి, ఊపిరంతా కూడగట్టి ఊదారు. ఏం వస్తోందో తెలియకపోయినా అందరూ పక్కకు తప్పుకున్నారు. అంత చక్కగా తన రైలుకు కూడా ఎవరూ దారివ్వలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

వార్డులో టైలరు గారు తలకు కట్టుతో, కళ్ళు సగం మూసి పడుకుని ఉన్నారు. నర్సు చేతిలో సిరంజి ఉంది.

"ఆగమ్మా," అంది భార్య, పాత చొక్కా ఎత్తి పట్టుకుని. "ఈయన గార్డు గారు కాదు. మా ఆయన. ఆ మందు పడదు."

నర్సు చీటీ చదివింది. సిరంజి పక్కన పెట్టి, డాక్టరు కోసం పరుగెత్తింది. భార్య నేల మీదే కూలబడి ఏడ్చేసింది.

వేరే మందు ఇచ్చాక నర్సు నీలం చొక్కా చీటీ గార్డు గారికి చూపించింది. "మరి ఇందులో తమ్ముడని ఈయన నంబరెందుకుంది? పోయిన నెల పూలమ్మే ముసలమ్మ జాకెట్లోనూ ఇదే నంబరు. అక్కడ కొడుకని ఉంది. ఈయనే వచ్చి పొద్దుపోయే దాకా కూర్చున్నారు. అసలీయనకి ఎంతమంది చుట్టాలు?"

ఆ రోజు కూడా ఆయన బొత్తాలకే వెళ్ళానని చెప్పి, ఒక్క బొత్తామూ లేకుండా ఇంటికొచ్చిన సంగతి భార్యకు గుర్తొచ్చింది.

గార్డు గారు ఆ చీటీ అందుకుని, తమ్ముడు అన్న మాటను వేలితో తడిమారు.

"పేషెంటు తాలూకు ఎవరు? ఇక్కడ సంతకం పెట్టాలి," అంది నర్సు.

భార్య లేవబోయింది. గార్డు గారు ఆవిడను కూర్చోమని చెయ్యి ఊపి, తనే కలం అందుకున్నారు.

"మీరేమవుతారు?"

"అన్నని," అన్నారు గార్డు గారు.

అప్పుడే టైలరు గారు కళ్ళు తెరిచారు. "గార్డు గారూ, చంక దగ్గర కాస్త బిగుతుగా ఉంది. వదులు చేస్తాను."

"నోరు మూసుకుని పడుకో తమ్ముడూ. లేచాక నీ చొక్కాల్లో నా నంబరు కూడా కుట్టు," అని, గార్డు గారు కలం మళ్ళీ అందుకున్నారు. "నీ రక్తం గ్రూపేంటి?"