గవదబిళ్లల సిపాయి

కూసోండ్రి, చాయ్ చెప్పిన. లైను ఇప్పట్ల కదిలేటట్టు లేదు. ఫ్యాక్టరీ కాంటా దాంక చెరుకు బండ్లే ఉన్నయ్, మన లారీలు లోపటికి పొయ్యేసరికి పొద్దు వంగుతది. అప్పటిదాంక నా సంగతి ఇనుండ్రి. మెడల్ కోసమని మొన్న నిజామాబాద్ దఫ్తరుకు పోయి నేను చేసొచ్చిన ఘనకార్యం తెలిస్తె, రేపటి సంది నా లారీ పక్కకు మీ లారీ గూడ పెట్టరు!

మీకు ఎరుకే గదా, చెరుకు తోలకముందు నేను మిలిటరీల ట్రక్కు తోలిన. అరవై ఐదుల పాకిస్తాన్ తోని లడాయి అయినప్పుడు, గుండ్ల పెట్టెలు మోసుకొని సరిహద్దు దాంక పోయిన ట్రక్కు నాది. లడాయిల ఉన్నోళ్లకు సర్కారు మెడళ్లు ఇచ్చింది. మన దిక్కు మెడల్ అంటె ఎవలకు తెలుస్తది? బిళ్ల అంటరు. నాకు రెండు బిళ్లలు రావాలె. ఒక్కటి గూడ రాలె. పోస్టుల వస్తయి తియ్యి అని ఊకున్న.

పోయిన జెండా పండుగ నాడు బడికాడికి మిలిటరీ నుంచి వచ్చినోళ్లందరిని పిలిచిండ్రు. "నీ డిశ్చార్జి బుక్కు తే లింబాద్రీ, నీ గురించి నాలుగు మాటలు చెప్త" అన్నడు హెడ్మాస్టర్ సారు. ఆ బుక్కు ఇంగ్లీషుల ఉంటది. నాకు ఇంగ్లీషు రాదు. ట్రంకు పెట్టెల దేవుని పటం కింద పెట్టి కాపాడుకుంటున్న. తీసుకపోయి చేతుల పెట్టిన. సారు మంచోడే, కని ముందుగాల సూసుకోలె. మైకుల చదువుకుంట పోయిండు. "డ్రైవర్ లింబాద్రి... మెడళ్లు... ఏమీ లేవు. లడాయి నడిచిన దినాలల్ల... మిలిటరీ దవాఖానల చేరిక... రోగం..." అని ఆగి, అద్దాలు సర్దుకొని, "గవదబిళ్లలు" అన్నడు.

మైకుల!

ఎనకకెల్లి ఎవడో ఒర్లిండు: "బిళ్లలు రాలె రాలె అంటవేంది లింబన్నా, వచ్చినయ్ గదా, గవదబిళ్లలు!"

బడి బడంత నవ్వింది. మీరు గూడ నవ్వుతున్నరు. నవ్వుండ్రి, నేను గూడ నవ్విన. కని ఇంటికి పోయి బువ్వ ముట్టలె. మా ఇంటామె రాజవ్వ అడిగింది, "నవ్వితె నవ్విండ్రు, గంత మనసుకు పెట్టుకునుడేంది?" అని.

నవ్విండ్రని కాదు. ఆ ట్రక్కుల మేం ముగ్గురం ఉంటిమి. నేను, పోశెట్టి, నాందేడ్ దిక్కు పోరడు విఠల్. గుండొచ్చి పక్కన పడ్డది. విఠల్ నా ఒళ్లెనే పానం ఇడిసిండు. మరి ఆ దినాలల్ల నేను గవదబిళ్లలతోని దవాఖానల పండుకొని ఉంటె, వాడు ఎవని ఒళ్లె పోయిండు? ఆ బుక్కు ప్రకారం వాని కాడ ఎవ్వడు లేడు. గది నాకు మింగుడు పడలె.

సరే, నిజామాబాద్ పోయిన. మాజీ సిపాయిల పని సూసే దఫ్తరు. ఆడి క్లర్కు బుక్కు తిప్పి మల్ల తిప్పి అన్నడు, "ఇంకెవని రోగమో నీ పేరు మీద ఎక్కినట్టున్నది. కని మార్చాలంటె గవాయి కావాలె. నీతోని లడాయిల ఉన్నోన్ని తోలుకరా. సాబు ఆయననే అడుగుతడు, నిన్ను కాదు. మాట తడబడ్డదనుకో, ఫైలు మూస్తడు."

బతికున్న గవాయి ఒక్కడే. పోశెట్టి. ఉండుడు రుద్రూర్ పక్కన. మనిషి మంచోడు, అబద్ధం ఆడడు, అన్నీ యాదికున్నయ్. ఒక్కటే తిప్పలు. ఆ గుండు పడ్డ నాటి సంది ఆయనకు రెండు చెవులు ఇనరావు. మనం చెప్పేది ఆయనకు ఇనవడది, ఆయన చెప్పేది ఊరంత ఇనవడుతది. గంత గట్టిగ మాట్లాడుతడు. రాసి సూపెడ్దమంటె చదువు రాదు.

పోయిన. చెరుకు కొట్టి వచ్చి అరుగు మీద కూసున్నడు. రొమ్ము మీద వేలు పెట్టి చూపిచ్చిన, స్టీరింగ్ తిప్పినట్టు చూపిచ్చిన, నిజామాబాద్ దిక్కు చెయ్యి చాపిన. ఎంత సమజయిందో దేవునికెరుక. ఎందుకని అడగలె. లేసి తానం చేసి, పాత ఖాకీ అంగి ఏసుకొని వచ్చిండు. ఆయన పెండ్లాం లసుమవ్వ తలుపు కాడ నిలబడి అన్నది, "తీస్కపో అన్నా. కని సడక్ మీద చెయ్యి మాత్రం ఇడవకు. లారీ హారన్ కొట్టినా పక్కకు జరగడు."

బస్సుల నా తెలివి పనిచేసుడు షురూ అయింది. చెవిటోడని తెలిస్తె సాబు గవాయి తీసుకుంటడా? తీసుకోడు. ఏం చెయ్యాలె? కాలు! సాబు అడుగుతడు. నేను టేబుల్ కింద పోశెట్టి కాలు ఒక్కసారి తొక్కితె "ఔను సాబ్" అనాలె. రెండుసార్లు తొక్కితె "కాదు సాబ్" అనాలె. తలకాయ నిలువుగ ఊపి ఒక్కసారి, అడ్డం తిప్పి రెండుసార్లు తొక్కి నేర్పిన. బోధన్ నుంచి నిజామాబాద్ దాంక గదే ప్రాక్టీసు. తొక్కుడు, ఒర్లుడు. తొక్కుడు, ఒర్లుడు. ముందల సీట్ల కూసున్న ముసలాయన లేసి ఎనకకు పోయి కూసున్నడు.

సాబు గూడ పాత మిలిటరీ మనిషే. తెల్ల మీసాలు, ఇస్త్రీ అంగి. పోశెట్టిని కుర్చీల కూసోమన్నడు. నేను పక్కన స్టూలు మీద కూసున్న.

"ఈ లింబాద్రి నీతోని ట్రక్కుల ఉన్నడా?"

తొక్కిన.

"ఔను సాబ్!"

కిటికీల పిట్టలు లేసిపోయినయ్. సాబు కుర్చీల ఎనకకు ఒరిగిండు. "గంతగనం ఒర్లుతడేంది?"

"మిలిటరీ అలవాటు సాబ్" అన్న నేను.

"లడాయి నడిచినప్పుడు ఈయన దవాఖానల ఉన్నడా?"

రెండుసార్లు తొక్కిన.

"కాదు సాబ్!"

అబ్బ! పని అయిపోయిందనుకున్న. రేపో మాపో బిళ్లలు వచ్చినట్టే అనుకున్న. గప్పుడు సాబు అడిగిండు, "ట్రక్కుల మీరు ఎంతమంది ఉన్నరు?"

సచ్చిన! దీనికి ఔను లేదు, కాదు లేదు. ఏం తొక్కాలె? ముగ్గురం గదా అని మూడుసార్లు తొక్కిన. పోశెట్టి నా దిక్కు సూసిండు. సాబు దిక్కు సూసిండు. పాపం, ఆయన లెక్క ఆయన కట్టుకొని, "ఔను... కాదు సాబ్!" అన్నడు.

సాబు కలం కింద పెట్టిండు.

గా సమయానికే, కిటికీ అవుతల సడక్ మీద, ఏ లారీదో టైరు పేలింది. ఢాం అని!

కండ్లు తెరిచేసరికి నేను టేబుల్ కింద ఉన్న. ఎట్ల పోయిన్నో నాకే తెల్వది. చెవులు మూసుకొని, మోకాళ్లు కడుపుల పెట్టుకొని పన్న. లారీ తోలేటోన్ని, టైర్ల సప్పుడు తెల్వదా? తెలుసు. కని తలకాయకు తెలిసేదాంక పెయ్యి ఆగదు. సరే, నేను దూరితె దూరిన. నా ముక్కు ముందల ఇంకో ముక్కు ఉన్నది. తెల్ల మీసాలు ఉన్నయ్.

సాబు!

ఇద్దరం ఒకల మొఖం ఒకలం సూసుకున్నం. ఆయన మెల్లగ అడిగిండు, "ఏడ?"

"పంజాబు సరిహద్దు సాబ్. మీరు?"

"కొండల మీద. నీకంటె ముందటి లడాయి."

మీదికెల్లి గట్టిగ ఇనవడ్డది: "ఔను సాబ్!"

ఏం లేదు, దుంకేటప్పుడు నేను పోశెట్టి కాలు తొక్కినట్టున్న.

సాబు లేసిండు. అంగి దులుపుకున్నడు. క్లర్కు గోడకు అతుక్కొని నిలబడ్డడు, నీళ్ల గ్లాసు కింద పడి ఉన్నది. ఒక్క పోశెట్టి మాత్రం కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. సాబు ఆయన దిక్కే జర సేపు సూసి, "ఈయనకు చెవులు ఇనరావు" అన్నడు. అడగలె, చెప్పిండు.

ఇగ దాసేదేముంది? చెప్పిన. చెవులు ఎట్ల పోయినయో చెప్పిన. పోయినయని తెలిస్తె పనికి రావని తోలేస్తరని, పరువు పోతదని ఆయన భయపడి, ఎవ్వలకు చెప్పక, సొంతంగ రాజీనామా ఇచ్చి వచ్చిండని చెప్పిన. చెవులు పోయినందుకు పింఛను గూడ లేదని చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంటనే నాకు సిగ్గయింది. నా బిళ్లల కోసం పొద్దటి సంది వాని చెవుడు దాసిపెడుతున్న నేను.

పోశెట్టి నవ్వలె. సప్పుడు ఆయనకు ఇనవడకపోయె, కని మేమిద్దరం కింద ఎట్ల పన్నమో సూసిండు. గట్ల పండుడు ఏందో ఆయనకు తెలుసు. కుర్చీల నుంచి లేసి, అటెన్షన్ల నిలబడి, ఎవ్వలు అడగకముందే షురూ చేసిండు.

"గట్లనే పన్నం సాబ్ మేము. బండి ఇడిసి దుంకి పన్నం. విఠల్ ఎనక పెట్టెల మీద ఉండె, దుంకలేకపోయిండు. గీ లింబన్నే మల్ల పోయి గుంజుకొచ్చిండు. ఒళ్లె పెట్టుకున్నడు. విఠల్ గాడు నోరు కదిలిచ్చిండు సాబ్. ఏమో అన్నడు. నాకు ఇనవడలె. అప్పటికే నాకు ఇనవడలె."

గంతసేపు ఒర్లుకుంట చెప్పినోడు, నా దిక్కు తిరిగి ఆగిండు.

"ఏమన్నడే అన్నా? గా దినం సంది అడుగుదమనుకుంటున్న. నువ్వే ఏడుస్తవని అడగలె."

ఎట్ల చెప్పాలె? బొటనవేలు నోటికాడ పెట్టి చూపిచ్చిన. నీళ్లు అడిగిండు.

"పోసినవా?"

తలకాయ ఊపిన. పోసిన, నిజంగనే పోసిన. మింగలె. గది చూపిచ్చుడు నాకు చాతగాలె.

పోశెట్టి "మంచిగ చేసినవ్" అని కూసున్నడు.

సాబు మల్ల కలం పట్టుకున్నడు. "లింబాద్రీ, నేను నమ్ముతున్న. గవదబిళ్లలు వచ్చినోడు గట్ల టేబుల్ కింద దూరడు. కని ఇద్దరం టేబుల్ కింద కలిసినమని పైకి రాయలేను గదా! ముందుగాల ఈయన చెవులు డాక్టర్లు సూడాలె. పింఛను దరఖాస్తు నేనే పెట్టిస్త. ఏ గుండుకు పోయినయో వాళ్లు రాసిస్తె, దానెంబడి నీది పంపుత. వస్తదని మాత్రం మాట ఇయ్యను."

లేసి నా చెయ్యి పట్టి ఊపిండు. పోశెట్టి చెయ్యి పట్టి ఊపిండు. మా ఇద్దరికి సెల్యూట్ గొట్టిండు.

గా సెల్యూటే నా కొంప ముంచింది.

ఎందుకంటె, సాబు చెప్పిన మాట ఒక్కటి గూడ పోశెట్టికి ఇనవడలె. ఆయన సూసింది గంతే: చెయ్యి ఊపుడు, సెల్యూట్ గొట్టుడు. మీరే చెప్పుండ్రి, గది సూసినోడు ఏమనుకుంటడు? బస్సుల కూసున్నమో లేదో, "ఇచ్చిండు గదా అన్నా! మెడల్ ఇచ్చిండు గదా!" అని షురూ చేసిండు. నేను లేదని తలకాయ అడ్డం తిప్పిన. బస్సు గుంతల ఎగిరింది, తలకాయ నిలువుగ గూడ ఊగింది. ఇగ ఆయన ఆగుతడా? లేసి నిలబడ్డడు.

"అయ్యలారా, అవ్వలారా, గీ లింబన్నకు సర్కారు మెడల్ ఇచ్చింది! సాబు సెల్యూట్ గొట్టిండు!"

బస్సు బస్సంత చప్పట్లు. డ్రైవరు హారన్ కొట్టుకుంట తోలుతున్నడు. ఒర్లి చెప్పుదమంటె ఆయనకు ఇనవడది, మిగతా అందరికి ఇనవడుతది. ఇంకోటి గూడ చెప్తున్న. గుండు పడ్డ నాటి సంది పోశెట్టి గట్ల నవ్వంగ నేను సూడలె. గా మొఖం సూసి "రాలె" అని ఎట్ల చెప్పాలె?

గంతల పక్క సీటు అవ్వ నా అంగి పట్టుకుంది. "ఏది బిడ్డా, జర చూపియ్యి. కండ్లకు అద్దుకుంట."

అందరి మొఖాలు నా దిక్కే. నేను జేబుల చెయ్యి పెట్టిన, బీడీ కట్ట తాకింది. "ఆపుండ్రి, ఆపుండ్రి!" అని ఒర్లి, ఎడపల్లి దాటినంక నడిమిట్లనే దుంకిన. పోశెట్టి కిటికీల నుంచి సెల్యూట్ గొడుతున్నడు. బోధన్ల దిగితె అడిగేటోళ్లు ఉంటరు, చెరుకు తోటలల్లకెల్లి అడ్డంబడి పోతె ఎవ్వలకు కనవడకుంట ఇల్లు చేరుత అనుకున్న. లడాయిల ఎన్నడు ఎనకకు మళ్లనోన్ని, మొన్న ఒక ముసలవ్వకు భయపడి పూర్తిగ మళ్లిన!

చెరుకు ఆకు సంగతి మీకు చెప్పాల్నా? చేతులు, మొఖం గీరుకపోయినయ్. అంగి చినిగింది. నిజాంసాగర్ పిల్లకాలువ దాటబోయి బురదల బోర్లపడ్డ. ఒక చెప్పు ఆన్నే పోయింది. కుంటుకుంట, గోడ పక్కపొంటి నడుసుకుంట ఇంటికాడికి వచ్చిన.

వాకిలి నిండ మంది!

నడుమ మంచం మీద పోశెట్టి. రుద్రూర్ పోవల్సినోడు, నేను నడిమిట్ల దుంకిపోతినని, నా ఇంట్ల కబురు చెప్పనీకె బోధన్లనే దిగి, నాకంటె ముందే వచ్చిండు. చెప్పుడు అప్పటికే అయిపోయినట్టుంది, హెడ్మాస్టర్ సారు బంతిపూల దండ పట్టుకొని నిలబడ్డడు. బడికాడ ఒర్లినోడు గూడ ఉన్నడు. అందరు ఒక్కసారే నా దిక్కు తిరిగిండ్రు.

రాజవ్వ లోపటికెల్లి వచ్చింది. బురద సూసింది, చినిగిన అంగి సూసింది, గీరుకపోయిన మొఖం సూసింది. నా కండ్లల్లకు సూసేసరికి ఆమెకు సంగతి సమజయింది. అయినా అందరు ఇనేటట్టు అన్నది:

"మెడల్ సంగతేమో నాకు తెల్వది గని, లడాయి నుంచి మాత్రం ఇప్పుడే వచ్చిండు!"