బావ నిద్రపోతేనే గెలుపు

మా బావ పనిచేసేది బ్రెడ్డు ఫ్యాక్టరీలో, పొయ్యి దగ్గర. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పిల్లలు బడీ ట్యూషనూ ముగించుకుని వచ్చే వేళకి ఆయన పనికి వెళ్ళిపోయి ఉంటాడు. ఆయన ఇంటికి చేరేసరికి వాళ్ళు సంచులు తగిలించుకుని మెట్లు దిగుతూ ఉంటారు. ఎదురుపడితే ఇద్దరి బుగ్గలూ ఓసారి నిమిరి పైకొచ్చేస్తాడు. ముంజేతుల నిండా వేడి ట్రేలు తగిలిన మచ్చలు, ఎంత రుద్దుకున్నా వదలని పులిసిన పిండి వాసన. మంచం మీద వాలితే ఒళ్ళు తెలియదు. నేనాయన్ని నిద్రమొహం అని పిలుస్తాను. మరదల్ని కాబట్టి చెల్లుతోంది.

ఇక మిగిలింది ఆయనకి సెలవుండే ఆదివారం సాయంత్రం. కుట్టుమిషన్ మీద వారమంతా నడుం విరగ్గొట్టుకుని నేనూ ఆ సాయంత్రం అక్క వాళ్ళింటికే చేరతాను. ముందుగదిలో టీవీ, టీవీలో ఫుట్‌బాల్. అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, కొడుక్కి ఐదు. ఇద్దరికీ పసుపు చొక్కాల జట్టంటే ప్రాణం. బావకి అంతకన్నా ఎక్కువ. వాళ్ళకా పిచ్చి అంటించిందే ఆయన.

ఆటల సీజన్ మొదలైన ఆదివారం బావ పిల్లలిద్దరి మధ్యా కూర్చుని, కాసేపటికే గోడకి తల ఆన్చి నిద్రపోయాడు. రెండు గోల్స్ వెనకబడ్డ పసుపు జట్టు పుంజుకుని గెలిచింది. మరుసటి వారం పాపం కళ్ళు నులుముకుంటూ ఆఖరిదాకా చూశాడు. జట్టు చిత్తుగా ఓడింది. అంతే, పిల్లలు తీర్పిచ్చేశారు. నాన్న నిద్రపోతేనే మనం గెలుస్తాం!

అప్పట్నుంచి ఆట మొదలవడం ఆలస్యం, బావని గోడవారగా చాప మీద పడుకోబెట్టేస్తారు. పిల్ల వచ్చి మొహంలో మొహం పెట్టి మరీ పరీక్ష చేస్తుంది.

"రెప్పలు కదులుతున్నాయి. దొంగ నిద్ర!"

"లేదమ్మా, వచ్చేస్తోంది."

"నిద్రపోయేవాళ్ళు మాట్లాడతారా నాన్నా?"

బావ వెంటనే గురక అందుకునేవాడు. అది దొంగ గురకని నాకు తెలుసు. అసలుదైతే పక్కవాటా వాళ్ళు గోడ మీద కొడతారు. పిల్లలటు తిరగ్గానే వేళ్ళ సందుల్లోంచి ఓ గోలో సగం గోలో చూసుకునేవాడు. మా ఖర్మ కొద్దీ జట్టు వరసగా గెలుస్తూనే ఉంది. అక్కకి ఇవేవీ పట్టవు. ఆ రెండు గంటలూ పిల్లలు తన కొంగు వదిలితే చాలనుకుని వెనకగదిలో నడుం వాల్చేది.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఓ ఆదివారం బావ మంచినీళ్ళకని వంటగదిలోకొస్తే నిలదీశాను.

"ఏంటి బావా ఈ వేషాలు? లేచి కూర్చుని చూస్తానని గట్టిగా చెప్పలేవా?"

"చెప్పాక ఓడిపోతే? ఉన్నది ఈ ఒక్క సాయంత్రం. అది కూడా వాళ్ళ ఏడుపుతో పోతుంది." గ్లాసు కడిగి బోర్లించాడు. "ఫైనల్ ఒక్కటీ వాళ్ళ పక్కన కూర్చుని చూడాలనుందే. అంతే."

ఫైనల్ రానే వచ్చింది. బావ చాప పరవనివ్వలేదు. "ఇవాళ నేనూ చూస్తాను" అన్నాడు. పిల్లాడి కింది పెదవి ముందుకొచ్చింది. పిల్ల పెద్దమనిషిలా ఆలోచించి బేరం పెట్టింది.

"సరే, చూడు. మనం వెనకబడితే మాత్రం పడుకోవాలి."

బావ వాళ్ళ మధ్యన కూర్చున్నాడు. వాడు ఒళ్ళో చేరి, పసుపు జట్టు గోల్‌కీపర్ చేతితొడుగుల రంగు దగ్గర్నుంచి అన్నీ ఆయనకే నేర్పడం మొదలుపెట్టాడు. అన్నీ తెలిసిన మనిషి అవునా, అవునా అంటూ విన్నాడు. ఆయన మొహం అంత తేటగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. నాకు కడుపు నిండినట్టయింది.

అంతలో అవతలి జట్టు గోల్ కొట్టింది.

పిల్లలిద్దరూ తల తిప్పి ఆయన్ని చూశారంతే. బావ వాణ్ణి ఒళ్ళోంచి దింపి, తనే చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు వాళ్ళిద్దరి వీపులూ విమానం మోత మోగించాలనిపించింది. ఈసారి గురక లేదు, వేళ్ళ సందులూ లేవు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చివర్లో మనవాళ్ళు స్కోరు సమం చేశారు. "లేవకు నాన్నా, లేవకు!" అని ఇద్దరూ గంతులేశారు. ఆట పెనాల్టీ కిక్కుల దాకా వెళ్ళింది. అక్కడ ఓడిపోయారు.

పిల్ల వెళ్ళి బావ తల దగ్గర కూర్చుంది.

"నిజంగానే నిద్రపోయావా నాన్నా?"

"పోయానమ్మా."

"అయినా ఓడిపోయాం."

"ఊఁ."

"అయితే గెలిచేది నీ నిద్రవల్ల కాదన్నమాట." చాప అంచు పీకుతూ అడిగింది. "మరి ఇన్నాళ్ళూ నిన్ను ఊరికే పడుకోబెట్టామా?"

బావ లేచి కూర్చున్నాడు. వాడు ఏడుస్తూ వచ్చి మెడకి చుట్టుకున్నాడు. నేను బావ కళ్ళవైపు చూడలేక టీవీ కట్టేయడానికి లేచాను.

"పోనీలేరా. వచ్చే ఆదివారం ముగ్గురం కూర్చుని చూద్దాం." అన్నాడు బావ వాణ్ణి ఊరుకోబెడుతూ.

"మ్యాచేదీ లేదు నాన్నా," అంది పిల్ల. "ఫైనల్ అయిపోయిందిగా. మళ్ళీ వచ్చే యేడే."

బావ వాడి వీపు రాశాడు.

"అయితే మ్యాచ్ లేకుండానే కూర్చుందాం."

వాడు ముక్కు ఆయన భుజానికి తుడుచుకుని తలెత్తాడు. "నిద్రపోవుగా?"

బావ నావైపు చూశాడు. ఆదివారం తెల్లవారుదాకా పొయ్యి దగ్గరే నిలబడి వచ్చే మనిషి, వాడికి వెంటనే మాటివ్వలేకపోయాడు.