ఖాదర్ మామ వంతపాట

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. శ్మశానం పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయే రకం. అందుకే ఇది రాయాలంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది.

మాది పెనుకొండ. మా నాయన చెక్కభజనలో ముందుపాట పాడేవాడు. ఆయన చరణం పాడి ఆగితే, హిందూపురంలో సైకిల్ షాపు నడిపే ఖాదర్ మామ దాన్నే వంతగా అందుకునేవాడు. ముప్పై ఏళ్ళు ఆ జోడీ విడిపోలేదు. పోయిన ఏడాది ఖాదర్ మామ గుండెపోటుతో పోయాడు. నాయన పాడటం మానేశాడు.

ఈ ఏడాది నాయన గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ తప్పదని, మాట పోతుందని పుట్టపర్తిలో డాక్టరు చెప్పారు. నాలుగు రోజులే టైముంది. ఆలోపు ఒక్క పాటైనా దాచుకోవాలని నాకు పిచ్చి పట్టింది.

నా దగ్గరున్నది పాత లాప్‌టాప్, ఒక మైకు. మూడో ట్రాకు తెరిస్తే మొరాయించే లాప్‌టాప్ అది. దాని ఫ్యాన్ మోత మైకులో పడకుండా దుప్పట్లు అడ్డం కట్టి, మధ్యాహ్నం తలుపులేసి కూర్చున్నాం. తాళం కోసం చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ పెడితే నాయన హెడ్‌ఫోన్ పీకేశాడు. తొడమీద తట్టుకుంటూ తన లెక్కన తను పాడాడు. ప్రతి చరణం తర్వాత ఆగాడు.

"నాయనా, ఈడ వంత పాడేవాళ్ళు లేరు. ఆగకుండా పాడు" అన్నాను.

"వాని చోటు వానికి ఇడిసిపెట్టాల గదప్పా" అన్నాడు.

నాలుగో చరణం ఎత్తుకోబోయి దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయ్యాడు. చెంబెత్తి నీళ్ళు తాగి మళ్ళీ పాడాడు. ఇంకోసారి పాడే ఓపిక లేదు. ఆ దగ్గును తర్వాత కోసేద్దామనుకున్నాను.

ఆపరేషన్ అయింది. మాట పోయింది. పాటలో ఆ ఖాళీలు వస్తే నాకు ఏడుపొచ్చేది.

నెల తర్వాత నాయన ఎట్లున్నాడో అడగడానికి ఖాదర్ మామ కూతురు షబానా ఫోన్ చేస్తే, రికార్డు చేసిన పాట సంగతి చెప్పాను. "అన్నా, మా నాయన సెల్లులో ఆ పాట ఉండాది. వంత ఒకటే పాడినాడు, నడుమ ఊరికే ఉండాడు. పంపేదా?"

ఖాదర్ మామ సాధన అంతే. షాపులో ఒక్కడే కూర్చుని, నాయన చరణాలు మనసులో అనుకుంటూ వంత మాత్రం పైకి పాడేవాడు. ఫైలు తేదీ ఆయన పోవడానికి రెండు నెలల ముందుది.

దాన్ని రెండో ట్రాకులో వేసి, మొదటి వంతను నాయన ఆగిన చోట పెట్టాను. తర్వాత దేన్నీ జరపలేదు, సాగదీయలేదు. రెండోది సరిగ్గా పడింది. మూడోదీ పడింది. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఇందులో వింతేముంది అనుకున్నాను.

అప్పుడు నాయన దగ్గు వచ్చింది. ఆ వెంటనే రెండో ట్రాకులో ఖాదర్ మామ గొంతు, మెల్లగా: "నీళ్ళు తాగప్పా. తొందరేం లేదు, నేనుండా గదా."

తర్వాత చెంబు చప్పుడు. తర్వాత నాయన నాలుగో చరణం. తర్వాత, దాని చోట అది, నాలుగో వంత.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. షాపుకొచ్చిన ఎవరితోనో అని ఉంటాడని సరిపెట్టుకున్నాను. మరి అంతసేపు, అక్కడే ఎందుకు ఆగాడు? ఎన్నిసార్లు విన్నా నాకు అంతుపట్టలేదు.

నాయనకు వినిపించాను. ఆ మాట దగ్గర ఆయన నా వైపు చూడలేదు. చెయ్యి చాపి, పక్కనున్న చెంబెత్తి నీళ్ళు తాగాడు.

ఆ దగ్గును నేను కోయలేదు.